ఎంత బరువుకి ఎంత స్టాంపు: కార్డు ముక్క నుంచి స్పీడ్ పోస్టు దాకా

మా పెద్దమ్మాయి పెళ్లికి శుభలేఖలు మంచి మందపాటి అట్ట మీద వేయించాం. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేనేమో కావలిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఏళ్ల తరబడి టపాల్ సెక్షన్ చూసినవాణ్ణి. కవర్లు తూయడం, స్టాంపులు అంటించడం, డిస్పాచ్ రిజిస్టర్లో ఎక్కించడం, నెలాఖరుకి స్టాంపు అకౌంటు తేల్చడం, ఇదే నా ఉద్యోగం. అలాంటివాణ్ణి, సొంత ఇంట్లో పెళ్లి హడావిడిలో పిల్లల చేతికి స్టాంపుల షీట్లిచ్చి "ఒక్కోదానికి ఒక ఐదు రూపాయలది అంటించండిరా" అనేసి వంటవాళ్లతో బేరానికి పోయాను.

కవరుతో కలిపి ఒక్కో శుభలేఖ 46 గ్రాములు. పడాల్సిన స్టాంపు 15 రూపాయలు. పిల్లలు అంటించింది 5. కందుకూరులో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లిన పోస్టుమేను, తగ్గిన పది రూపాయలకి రెట్టింపు లెక్కన 20 రూపాయలు కట్టించుకుని శుభలేఖ చేతిలో పెట్టాడు. ఆమె పెళ్లికి వచ్చింది. వచ్చి, పదిమందిలో మా ఆవిడతో అనింది కదా, "మా చదివింపులు పోస్టుమేను చేతికే ఇచ్చేశామమ్మాయ్, ఇంక ఇక్కడ ఏం చదివించం" అని.

దీన్నే బేరింగ్ అంటారు. స్టాంపు అసలు లేకపోతే మొత్తం రేటుకి రెట్టింపు, తక్కువ పడితే ఆ తక్కువకి రెట్టింపు, ఉత్తరం అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. వాళ్లు వద్దంటే ఉత్తరం వెనక్కి మీ దగ్గరికే వస్తుంది. అందుకే ఫ్రమ్ అడ్రసు రాయకుండా తప్పించుకోవాలని చూసేవాళ్లూ ఒకప్పుడు ఉండేవారు. అదొక పెద్ద కథ.

ఇప్పుడు ఎవరు ఉత్తరాలు రాస్తున్నారులే అనుకోవచ్చు. శుభలేఖలు, కర్మకాండ కార్డులు, లాయరు నోటీసులు, దరఖాస్తులు, చిన్న పత్రికలకి పంపే కథలు, రాఖీలు ఇంకా పోస్టులోనే తిరుగుతున్నాయి. పైగా ఈ రెండు మూడేళ్లలో తపాలా శాఖ చాలా మార్చేసింది. పాత అలవాటుతో అంటిస్తే తప్పు పడుతుంది.

మొదట ఒక్క సూత్రం మనసులో పెట్టుకోండి. మామూలు ఉత్తరానికి అంటించే స్టాంపు దూరాన్ని చూడదు, బరువును చూస్తుంది. 1854లో దేశమంతటికీ స్టాంపులు వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. కావలి నుంచి పక్కనే ఉన్న అల్లూరుకి పంపినా, కాశ్మీరుకి పంపినా 20 గ్రాముల లోపు ఉత్తరానికి అదే 5 రూపాయలు. స్పీడ్ పోస్టు మాత్రం రెండూ చూస్తుంది.

మొదటి పని: అది ఏ రకమో తేల్చుకోవడం

పోస్టు కార్డు 50 పైసలు. స్టాంపు దాని మీదే అచ్చయి ఉంటుంది, మళ్లీ అంటించే పని లేదు. చేత్తో రాసుకునే మాటలకే ఆ యాభై పైసలు. సంఘాల వాళ్లు, చీటీల వాళ్లు మీటింగు కబురు ప్రెస్సులో అచ్చు వేయించి కార్డులు పంపుతారే, ఆ అచ్చు కార్డుకి 6 రూపాయలు. యాభై పైసల కార్డుల మీద అచ్చు వేయించి వందల లెక్కన పెట్టెలో పడేసి, తర్వాత తల పట్టుకున్న సంఘం కార్యదర్శి ఒకాయన నాకు తెలుసు.

ఇన్‌లాండ్ లెటర్ 2 రూపాయల 50 పైసలు. నీలం కాగితం, మూడు మడతలు, అంచులకి బంక. దీంట్లో లోపల ఏమీ పెట్టకూడదని దాని మీదే రాసి ఉంటుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు మాత్రం పెళ్లి కబురు రాసినా, నోము చేసుకున్నా ఇన్‌లాండ్ మడతలో చిటికెడు కుంకుమ, నాలుగు అక్షింతలు పెట్టేవాళ్లు. అట్టా పెడితే అది ఇన్‌లాండ్ కాదు, ఉత్తరం కిందికి వస్తుంది, ఉత్తరం రేటు పడుతుంది. కుంకుమ పెట్టాలనుంటే మామూలు కవరే మేలు. అందులోనూ అక్షింతలు విడిగా పోయకండి. చిన్న కాగితంలో పల్చగా పరిచి మడిచి పెట్టండి. కవర్ల మీద దెబ్బ మీద దెబ్బగా ముద్ర పడేటప్పుడు బియ్యపు గింజలున్న చోట కవరు చిల్లులు పడుతుంది.

కవరు, అంటే ఉత్తరం: 20 గ్రాముల దాకా 5 రూపాయలు, ఆపైన ప్రతి 20 గ్రాములకీ లేదా అందులో ఏ కాస్తకైనా మరో 5. పోస్టాఫీసులో అమ్మే స్టాంపు అచ్చయిన కవరు కూడా ఈ మొదటి 20 గ్రాముల కోసమే. లోపల బరువు పెరిగితే పక్కనే అదనపు స్టాంపు అంటించాలి. 'ఇది స్టాంపు కవరే కదా' అని ఆరు కాగితాలు కుక్కి పడేస్తే బేరింగే.

పుస్తకాలు వేరు, వాటి సంగతి కిందికి వచ్చాక చెప్తాను. పార్సిలు మరీ వేరు. ఉదయగిరి చెక్క గరిటెలు, వెంకటగిరి చీర, ఆవకాయ సీసా ఏదైనా సరే, ఇంట్లో కూర్చుని స్టాంపు అంటించే బాపతు కాదు. కౌంటరుకి తీసుకెళ్తే తూచి, చీటీ కొట్టి వాళ్లే అంటిస్తారు.

రెండో పని: తూకం

ఇక్కడే అందరూ తప్పుతారు. చేతిలో పట్టుకుని ఎగరేసి 'ఇరవై గ్రాములే ఉంటుందిలే' అంటారు. చెయ్యి అబద్ధం చెప్తుంది. పాతికేళ్లు తూచిన నా చెయ్యే శుభలేఖల విషయంలో నన్ను ముంచింది.

కాగితం బరువు లెక్క చాలా సులువు. ఏ4 కాగితం సరిగ్గా చదరపు మీటరులో పదహారో వంతు. కాగితం కట్ట మీద 80 జీఎస్ఎం అని ఉంటే చదరపు మీటరు 80 గ్రాములని అర్థం. దాన్ని పదహారుతో భాగిస్తే ఒక్కో కాగితం 5 గ్రాములు. 75 జీఎస్ఎం అయితే 4.7 గ్రాముల దగ్గర. జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా దొరికేవి ఈ రెండే.

ఇప్పుడు ఒక దరఖాస్తు తీసుకోండి. పొడుగు కవరు ఒకటి, దాదాపు 5 గ్రాములు. లోపల మూడు కాగితాలు. 75 జీఎస్ఎం అయితే పద్నాలుగు, కవరుతో పంతొమ్మిది. 5 రూపాయల్లో పోతుంది. అదే 80 జీఎస్ఎం అయితే సరిగ్గా 20. దానికి ఒక స్టేప్లర్ పిన్ను కొట్టి, అంచుకి బంక దట్టంగా పూశారా, గీత దాటింది. నా సలహా: మూడు కాగితాల దాకా 5 రూపాయలు, కానీ పిన్ను కొట్టకండి. నాలుగో కాగితం చేరితే ఇంకేమీ ఆలోచించకుండా 10 అంటించండి.

కాగితాలు మడవకుండా పంపే పెద్ద కవర్లున్నాయి చూశారూ, లోపల బట్ట అతికించినవి, వాటిని ఖాళీగా తూచినా మొదటి 20 గ్రాములని దాదాపు అవే మింగేస్తాయి. సర్టిఫికెట్ల నకళ్లు పంపేవాళ్లు ఎక్కువగా వీటి దగ్గరే పప్పులో కాలేస్తారు.

ఇంట్లో వంటకి వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే అదే చాలు. లేకపోతే బంగారం అంగడి వాళ్లని అడిగితే నవ్వుతూ తూచిపెడతారు. కిరాణా అంగడి కాటాల్లో కొన్ని ఐదేసి గ్రాముల లెక్కన చూపిస్తాయి, వాటిని నమ్మకండి. మనకి ఒక్క గ్రాము తేడాకే ఐదు రూపాయలు.

కాటా ఏదీ లేదనుకోండి, ఒక పాత చిట్కా ఉంది. గుండ్రటి పెన్సిలు బల్ల మీద పెట్టి, దాని మీద 30 సెంటీమీటర్ల స్కేలు నడిమికి, అంటే 15 గీత మీద, నిలబెట్టండి. ఒక కొసన రెండు పది రూపాయల బిళ్లలు పెట్టండి. పది రూపాయల బిళ్ల ఒక్కోటి 7.7 గ్రాములు, రెండూ కలిపి పదిహేనున్నర. రెండో కొసన కవరు మడవకుండా, దాని నడిమి భాగం బిళ్లలున్నంత దూరంలోనే ఉండేట్టు పెట్టండి. బిళ్లల వైపు కిందికి దిగితే మీ కవరు పదిహేనున్నర లోపే, 5 రూపాయలు నిశ్చింతగా అంటించుకోవచ్చు. కవరు వైపు దిగితే మాత్రం అది పదహారో ఇరవై అయిదో చెప్పలేం, కాబట్టి పోస్టాఫీసుకి నడవాల్సిందే. ఫ్యాను ఆపి చేయండి, మర్చిపోకండి.

పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసు ఉన్న చోట బీపీఎం, అంటే బ్రాంచి పోస్టుమాస్టరు, దగ్గర కాటా ఉంటుంది. తూచి చెప్పినందుకు డబ్బులేమీ లేవు.

మూడో పని: లెక్క

ఉత్తరానికి ఐదో ఎక్కం వస్తే చాలు. బరువుని ఇరవైతో భాగించండి. మిగులు ఎంతున్నా దాన్ని పూర్తి ఇరవై కింద లెక్కెయ్యండి. వచ్చిన అంకెని ఐదుతో గుణించండి. 46 గ్రాముల శుభలేఖ: రెండు ఇరవైలు నలభై, మిగిలిన ఆరు కూడా ఒక ఇరవై. మూడైదులు పదిహేను. 61 గ్రాములైతే 20 రూపాయలు. 100 గ్రాములైతే 25, 101కి 30.

అందుకే ఇంట్లో 5 రూపాయలవీ, 10 రూపాయలవీ స్టాంపులు కొన్ని పెట్టుకుంటే ఎంత ఉత్తరానికైనా సరిపోతాయి. చిల్లర స్టాంపుల అవసరమే రాదు.

అయితే బరువు పెరిగేకొద్దీ ఈ ఐదో ఎక్కం మనకే ఎదురు తిరుగుతుంది. టపాల్ సెక్షన్లో పనిచేసినవాళ్లు కూడా గమనించని సంగతి ఇది. 2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన స్పీడ్ పోస్టు రేట్ల ప్రకారం, ఒకే ఊళ్లో అయితే 50 గ్రాముల దాకా 19 రూపాయలు, 250 దాకా 24, 500 దాకా 28. ఊరు దాటితే 50 గ్రాముల దాకా దేశంలో ఎక్కడికైనా 47. 51 నుంచి 250 గ్రాములకి 200 కిలోమీటర్ల లోపు 59, 500 కిలోమీటర్ల లోపు 63. 251 నుంచి 500 గ్రాములకి అవే దూరాలకి 70, 75. వీటి మీద 18 శాతం జీఎస్‌టీ అదనం.

ఇప్పుడు నెల్లూరులోనే దర్గామిట్ట నుంచి మూలాపేటకి 110 గ్రాముల కాగితాల కట్ట పంపాలనుకోండి. మామూలు ఉత్తరంగా ఆరు ఐదులు 30 రూపాయలు. స్పీడ్ పోస్టులో 24, పన్నుతో కలిపి 28 రూపాయల 32 పైసలు. తక్కువ డబ్బుకి రసీదు కూడా చేతిలో ఉంటుంది, ఎక్కడిదాకా వెళ్లిందో నంబరు కొట్టి చూసుకోవచ్చు. నెల్లూరు నుంచి హైదరాబాదుకి 400 గ్రాముల కట్ట అయితే ఉత్తరంగా ఇరవై ఐదులు నూరు రూపాయలు, స్పీడ్ పోస్టులో 88 రూపాయల 50 పైసలు. కాబట్టి బరువు వంద దాటిందంటే స్టాంపులు నాకడం ఆపి ఒకసారి రెండు లెక్కలూ వేసి చూడండి. తేలిక ఉత్తరాలకి మాత్రం 5 రూపాయల స్టాంపుని మించిన చవక ఇంకోటి లేదు.

శుభలేఖలు, పుస్తకాలు

శుభలేఖ కవరు అతికించకుండా, మూత లోపలికి మడిచి, పైన 'బుక్ పోస్ట్' అని రాసి తక్కువ స్టాంపుతో పంపే అలవాటు మన పెద్దలది. ఇప్పటికీ కొన్ని ప్రెస్సుల వాళ్లు కవరు మూలన ఆ మాట అచ్చు వేసే ఇస్తారు. ఆ మాటని నమ్ముకుని స్టాంపు తగ్గించకండి. ఉత్తరం రేటే లెక్కేసుకోండి, కవరు చక్కగా అతికించండి. లోపల రూపాయి బిళ్ల అతికించిన శుభలేఖలు కూడా చూశాను. అది బరువూ పెంచుతుంది, దారిలో కవరునీ చింపుతుంది.

శుభలేఖలు అచ్చుకి ఇచ్చే ముందే నమూనా కార్డునీ కవరునీ కలిపి తూయించండి. 42 గ్రాములు వస్తే కాస్త పల్చటి అట్టకి మారండి, 40 లోపుకి దింపండి. ఒక్కోదాని మీద ఐదు రూపాయలు మిగిలితే, 300 శుభలేఖలకి 1,500 రూపాయలు. పెళ్లిలో పెద్ద లెక్క కాదనుకుంటే మీ ఇష్టం.

వధూవరుల బొమ్మతో స్టాంపు వేయించుకునే 'మై స్టాంప్' కూడా ఉంది. 12 స్టాంపుల షీటు 300 రూపాయలు, ఒక్కోటి పోస్టు లెక్కలో 5 రూపాయలకే చెల్లుతుంది. అంటే పాతిక రూపాయలు పెట్టి ఐదు రూపాయల స్టాంపు కొంటున్నాం. దగ్గరివాళ్లు పదిమందికి సరదాగా బాగుంటుంది గానీ, అన్ని శుభలేఖలకీ అంటే నాకైతే దండగ అనిపిస్తుంది.

పుస్తకాలకి ఎన్నో ఏళ్లుగా ఆసరాగా ఉన్న రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. పుస్తకాలు వేసుకునే మన రచయితలు, చిన్న ప్రచురణకర్తలు బాగా ఇబ్బందిపడ్డారు. పుస్తకం వెల కన్నా పోస్టు ఖర్చే ఎక్కువయ్యే పరిస్థితి. తర్వాత 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అక్కణ్ణుంచి పెరుగుతూ 5 కిలోలకి 100, పన్ను అదనం. చదువుకి, సంస్కృతికి, మతానికి సంబంధించిన అచ్చు పుస్తకాలకే ఇది. పుస్తకం మీద ప్రెస్సు పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, ప్రకటనల కరపత్రాలు పనికిరావు. లోపల ఉత్తరం రాసి పెట్టకండి. ఇది పెట్టెలో వేసేది కాదు, కౌంటర్లో ఇవ్వాలి, నంబరుతో జాడ చూసుకోవచ్చు. విమానంలో కాకుండా నేల మీదుగా వెళ్తుంది గనక కాస్త ఆలస్యం అవుతుంది, పుస్తకానికి తొందరేముంది.

నాలుగో పని: చెల్లే స్టాంపు ఏది, చెల్లనిది ఏది

స్టాంపు ఆకారంలో ఉన్నదల్లా తపాలా స్టాంపు కాదు. మా ఆఫీసుకి వచ్చిన ఒక కవరు మీద ఐదు రెవెన్యూ స్టాంపులు వరసగా అంటించి ఉన్నాయి. పంపినాయన లెక్క సరిగ్గానే ఉంది, ఒక్కోటి రూపాయి, ఐదు రూపాయలు. రెవెన్యూ స్టాంపు కూడా పోస్టాఫీసులోనే అమ్ముతారు, అందుకే ఈ పొరపాటు. కానీ అది 5,000 రూపాయలు దాటిన డబ్బు ముట్టినట్టు రసీదు రాసేటప్పుడు అంటించి సంతకం చేసేందుకు. ఉత్తరం మీద దాని విలువ సున్న. కోర్టు ఫీజు స్టాంపూ అంతే.

దీనికి తిరగేసిన పొరపాటు ఇంకోటి. సమాచార హక్కు దరఖాస్తుకి ఫీజు కట్టమంటే పది రూపాయల తపాలా స్టాంపు దరఖాస్తు మీద అంటించి పంపేవాళ్లు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకైతే 10 రూపాయల ఇండియన్ పోస్టల్ ఆర్డరు కొని జత చేయొచ్చు. కవరు మీది స్టాంపు కవరుదే, ఫీజు ఫీజుదే.

'సర్వీస్' అని అచ్చయిన స్టాంపులు ప్రభుత్వ ఆఫీసుల కవర్లకే. మా టపాల్ సెక్షన్లో అవి బీరువాలో తాళం వేసి ఉండేవి, ఒక్కటి తగ్గినా అకౌంటు తేలేది కాదు. సొంత ఉత్తరానికి అంటించకూడదు, అంటించినా చెల్లదు.

స్టాంపు కవరు మీదా, ఇన్‌లాండ్ మీదా అచ్చయిన స్టాంపు బొమ్మని కత్తిరించి ఇంకో కవరుకి అంటించడం కూడా చెల్లదు. కవరు రాసి పాడుచేసుకుంటే ఐదు రూపాయలూ పోయినట్టే. ముద్ర సరిగా పడని పాత స్టాంపుని నీళ్లలో నానబెట్టి ఊడదీసి మళ్లీ వాడటమైతే నేరం. తెలిసీ తెలియక పిల్లలు చేస్తుంటారు, చెప్పండి.

బొమ్మల స్టాంపులు, అంటే స్మారక స్టాంపులు, నిక్షేపంలా చెల్లుతాయి. 1972లో ప్రకాశం పంతులుగారి మీద, 2000లో పొట్టి శ్రీరాములుగారి మీద స్టాంపులు వచ్చాయి. ప్రకాశం, నెల్లూరు, మన రెండు జిల్లాలకీ ఆ ఇద్దరి పేర్లే. అలాంటివి దొరికితే ఉత్తరానికి అంటించే బుద్ధి నాకైతే పుట్టదు గానీ, అది వేరే జబ్బు.

ఐదో పని: అంటించడం

అడ్రసు రాసిన వైపే, కుడి చేతి పై మూల. ఒకటి కన్నా ఎక్కువైతే ఆ మూల నుంచి ఎడమకి వరసగా, చోటు చాలకపోతే కిందికి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కనివ్వకండి, కింద దాగిన స్టాంపు లెక్కలోకి రాదు. కవరు అంచు మీదుగా వెనక్కి మడిచి అంటించకండి.

స్టాంపు వెనక ఉండే బంక కొన్నింటికి పేరుకే ఉంటుంది. నాలుకతో తడిపి అంటిస్తే ఎండకి ఆరి, పెట్టెలో పడేసరికి ఊడిపోతుంది. స్టాంపు ఊడిన కవరు స్టాంపు లేని కవరే. పోస్టాఫీసు బల్ల మీద బంక డబ్బా ఉంటుంది, అందులో పుల్ల ఎప్పుడూ గట్టిపడే ఉంటుంది. ఇంటి దగ్గరే పల్చగా గమ్ము రాసి, పైన కాగితం పెట్టి బొటనవేలితో నాలుగు మూలలూ అదిమేయండి. సెల్లో టేపు మాత్రం స్టాంపు మీద వేయకండి. టేపు మీద ముద్ర సిరా నిలవదు, అట్టాంటి స్టాంపుని వాళ్లు ఒప్పుకోరు.

ఆరో పని: అడ్రసు, పిన్ కోడ్

స్టాంపు ఎంత సరిగ్గా ఉన్నా పిన్ కోడ్ తప్పితే ఉత్తరం ఊళ్లు తిరుగుతుంది. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ ఆరంకెల పద్ధతిలో మొదటి అంకె 5 మన వైపు దక్షిణాదిని, మొదటి మూడంకెలు కలిపి ఉత్తరాలు వేరుచేసే జిల్లాని చెప్తాయి. నెల్లూరు 524001, కావలి 524201, గూడూరు 524101. ఒంగోలు 523001, కందుకూరు 523105, మార్కాపురం 523316.

కందుకూరు సంగతి చూడండి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు. పిన్ కోడ్ మాత్రం 523తోనే ఉండిపోయింది. గూడూరు అప్పుడు తిరుపతి జిల్లాకి పోయినా 524 పోలేదు. జిల్లాల గీతలు ఎన్నిసార్లు జరిగినా తపాలా శాఖ గీతలు వేరు. కాబట్టి 'జిల్లా మారింది కదా' అని మీరే తెలివిగా 524105 అని దిద్దకండి. మా మేనల్లుడు ఆ పని చేశాడు, పన్నెండు రోజులు తిరిగి వెళ్లింది.

కొత్తపాలెం, రామాపురం అనే పేర్లు ఈ చుట్టుపక్కల ఎన్నున్నాయో లెక్కలేదు. పల్లె పేరు కింద మండలం, ఏ పోస్టాఫీసు కిందికి వస్తుందో, ఆపైన పిన్ రాయండి. బ్రాంచి పోస్టాఫీసులకి వాటి సబ్ పోస్టాఫీసు పిన్ కోడే ఉంటుంది. రాష్ట్రం లోపలికైతే తెలుగులో రాసినా చక్కగా చేరుతుంది. ఉత్తరాదికి ఇంగ్లీషులో రాయండి. ఎడమ వైపు కింద మీ అడ్రసు తప్పనిసరి.

రిజిస్టరు పోస్టు ఏమైంది?

లాయరు నోటీసు, ఇంటి ఓనరుకి జాబు, బ్యాంకుకి ఫిర్యాదు, ఇవి 'రిజిస్టర్ పోస్టులో కొట్టు' అనేది మన నోటి మాట. ఒకప్పుడు తేలిక ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు, 17 రిజిస్ట్రేషన్, మొత్తం 22 రూపాయలు. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు స్పీడ్ పోస్టు చేస్తూనే 'రిజిస్ట్రేషన్ కావాలి' అని అడగాలి, దానికి 5 రూపాయలు అదనం. అప్పుడు అడ్రసులో ఉన్న మనిషికో, వాళ్లు రాసిచ్చిన మనిషికో తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఓటీపీ చెప్తేనే ఇచ్చే పద్ధతికి మరో 5. ఊరు దాటి 50 గ్రాముల లోపు నోటీసుకి 47, రిజిస్ట్రేషన్ 5, పన్నుతో 61 రూపాయల 36 పైసలు. మునుపటికన్నా బాగా ఎక్కువే. నోటీసులకి తప్పదు. ఊరికే భద్రంగా చేరాలనుకునే కాగితాలకి మామూలు స్పీడ్ పోస్టు చాలు, ఆ ఐదూ దండగ. విద్యార్థులకి స్పీడ్ పోస్టులో పది శాతం తగ్గింపు ఉంది, ఐడీ కార్డు తీసుకెళ్లండి.

స్పీడ్ పోస్టు కవరు ఎర్ర పెట్టెలో వేయకండి. పైన ఎంత పెద్దక్షరాలతో 'స్పీడ్ పోస్ట్' అని రాసినా పెట్టెలో పడ్డది మామూలు ఉత్తరమే.

తిరుగు కవరు, బయటి దేశాలు

పత్రికలకి కథ పంపేటప్పుడు, కొన్ని ఉద్యోగ ప్రకటనలకి దరఖాస్తు చేసేటప్పుడు సొంత అడ్రసు రాసి స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టమంటారు. ఇక్కడ రెండు తూకాలున్నాయి. లోపలి కవరు బరువు బయటి కవరు లెక్కలో కలుస్తుంది. లోపలి కవరుకి అంటించే స్టాంపు, అందులో తిరిగి రావాల్సిన దాని బరువుకి సరిపోవాలి. పన్నెండు కాగితాల కథ వెనక్కి రావాలంటే అరవై గ్రాములు కాగితాలే, కవరుతో కలిపి 20 రూపాయలు. ఒక్క జాబు ముక్క మాత్రమే రావాలంటే 5.

అమెరికాలో పిల్లలకో, కువైట్లో ఉన్నవాళ్లకో రాసేటప్పుడు రేటు దేశాన్ని బట్టీ బరువుని బట్టీ ఉంటుంది. తేలిక జాబు ఒకటి రాసుకోవడానికైతే ఏరోగ్రాం ఉంది, స్టాంపు దాని మీదే ఉంటుంది, ఇన్‌లాండ్ లాగే లోపల ఏమీ పెట్టకూడదు. దేశం పేరు అడుగున విడిగా, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయండి. కాగితాలు కాకుండా వస్తువేదైనా ఉంటే కస్టమ్స్ చీటీ నింపాలి. తిరుగు కవరుకి మన స్టాంపు అంటించి అమెరికా పంపడం దండగ, అక్కడి పెట్టెలో మన స్టాంపు చెల్లదు.

స్టాంపులు ఇంట్లో దాచుకునేవాళ్లకి ఒక మాట. నెల్లూరు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన పట్టిందంటే బీరువాలో ఉన్నవి కూడా చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. షీట్ల మధ్య బటర్ పేపర్ పెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, బరువు పెట్టకుండా నిలువుగా ఉంచండి. అప్పటికే అతుక్కుపోతే లాగి చింపకండి. గోరువెచ్చని నీళ్లలో కాసేపు వదిలితే వాటంతటవే విడిపోతాయి. పాత దినపత్రిక మీద బోర్లించి ఆరబెట్టుకోండి. వెనక బంక పోతుంది గానీ వాడని స్టాంపు గనక విలువ పోదు, గమ్ము రాసి అంటించుకోవడమే.